స్థానిక ఎన్నికలలో ఓట్ల లెక్కింపు, ఫలితాల అమలు: సరిహద్దు గ్రామాల ఓటరు తెలుసుకోదగిన విషయాలు

ఓటు వేసి వేలికి సిరా గుర్తుతో ఇంటికి చేరుకోగానే ఎన్నిక ముగిసినట్లు పల్లెలలో చాలామంది భావిస్తారు. వాస్తవానికి ఓటరు పని మాత్రమే అక్కడితో ముగుస్తుంది, అధికారుల పని అప్పుడే మొదలవుతుంది. పెట్టెకు ముద్ర వేయడం మొదలు గెలిచిన అభ్యర్థి కుర్చీలో కూర్చునే వరకు మధ్యలో అనేక మెట్లున్నాయి. ఏ మెట్టు వద్ద పొరపాటు జరిగినా ఊరి తీర్పు తారుమారు కావచ్చు. పార్లమెంటు స్థానానికి లక్షల ఓట్ల తేడా ఉండవచ్చును గాని, పంచాయతీ వార్డులో ఒకటి రెండు ఓట్లతో గెలుపోటములు తేలడం సర్వసాధారణం. కాబట్టి లెక్కింపు క్రమం తెలిసి ఉండవలసిన అవసరం శాసనసభ ఎన్నికలలో కంటే స్థానిక ఎన్నికలలోనే ఎక్కువ.

సరిహద్దు జిల్లాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మరొక చిక్కు ఉన్నది. ఆంధ్ర వైపు బంధువుల ఊరిలో చూసిన పద్ధతి తమ రాష్ట్రంలో ఉండదు. లెక్కింపు స్థలం, అధ్యక్షుడిని ఎన్నుకునే విధానం, తగాదా వస్తే కోర్టుకు వెళ్ళవలసిన గడువు, ఇవన్నీ రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. లెక్కింపు కేంద్రంలో వినవచ్చే భాష కూడా వేరు.

ఎవరి ఆధ్వర్యంలో?

లోకసభ, శాసనసభ ఎన్నికలను భారత ఎన్నికల సంఘం జరుపుతుంది. గ్రామ పంచాయతీలు, పురపాలక సంఘాలు, నగరపాలక సంస్థల ఎన్నికలు మాత్రం ఆయా రాష్ట్ర ఎన్నికల సంఘాల బాధ్యత. 1992లో ఆమోదం పొంది 1993లో అమలులోకి వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు ఈ ఏర్పాటు చేశాయి. గ్రామీణ సంస్థలకు 243కె, పట్టణ సంస్థలకు 243జెడ్ఏ అధికరణాలు దీనికి ఆధారం. స్థానిక సంస్థ పదవీకాలం ఐదేళ్ళు. అది ముగియకముందే కొత్త ఎన్నిక పూర్తి కావాలని రాజ్యాంగమే నిర్దేశించింది.

క్షేత్రస్థాయిలో ఈ పనిని నడిపించేవాడు రిటర్నింగ్ అధికారి. నగరాలలో కమిషనరు కార్యాలయపు అధికారులు, తాలూకాలలో రెవెన్యూ, పంచాయతీరాజ్ శాఖల అధికారులు ఈ బాధ్యత వహిస్తారు. ఎన్నిక ముగిసేవరకు వీరు ఎన్నికల సంఘం అదుపాజ్ఞలలో పనిచేస్తారు.

పోలింగు కేంద్రం నుండి లెక్కింపు బల్ల వరకు

పోలింగు ముగియగానే కేంద్రపు ప్రిసైడింగ్ అధికారి ఒక లెక్క రాస్తాడు. ఎన్ని బ్యాలెట్ పత్రాలు వచ్చాయి, ఎన్ని వాడారు, ఎన్ని మిగిలాయి అన్నది అందులో ఉంటుంది. యంత్రమైతే మొత్తం పోలైన ఓట్ల సంఖ్య, యంత్రం క్రమసంఖ్య రాస్తారు. అభ్యర్థి తరఫున కూర్చున్న పోలింగు ఏజెంటు ఈ వివరాలను తప్పక రాసుకోవాలి. లెక్కింపు నాడు పెట్టెలో దొరికిన ఓట్లు ఈ సంఖ్యతో సరిపోవాలి. సరిపోకుంటే అడగడానికి ఆధారం ఈ కాగితమే.

పెట్టెకు లేదా యంత్రానికి ముద్ర వేసేటప్పుడు ఏజెంట్లు కూడా సంతకం చేయవచ్చు. అక్కడినుండి వాటిని భద్రపరచే గదికి చేరుస్తారు. లెక్కింపు ఉదయం అభ్యర్థుల సమక్షంలో ఆ గది తాళం తీసి, ముద్రలు చెక్కుచెదరలేదని చూపిన తరువాతనే పెట్టెలను బల్లల మీదికి తెస్తారు.

ఎక్కడ లెక్కిస్తారన్నది రాష్ట్రానికొక తీరు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ పంచాయతీ ఓట్లను పోలింగు జరిగిన రోజే, ఆ పంచాయతీలోనే లెక్కిస్తారు. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా జరిగిన ఎన్నికలలో మధ్యాహ్నం వరకు పోలింగు జరిగి, సాయంత్రం లెక్కింపు మొదలైంది. చాలా ఊళ్ళలో రాత్రికే సర్పంచి ఎవరో తేలిపోయింది. కర్ణాటకలో అలా కాదు. 2020 డిసెంబరు 22, 27 తేదీలలో రెండు విడతలుగా పోలింగు జరుగగా, డిసెంబరు 30న తాలూకా కేంద్రాలలో లెక్కింపు జరిగింది. తమిళనాడులో 2019 డిసెంబరు 27, 30 తేదీలలో పోలింగు జరిగి, 2020 జనవరి 2న పంచాయతీ యూనియన్ వారీగా ఏర్పాటు చేసిన కేంద్రాలలో లెక్కించారు. ఒడిశాలో 2022 ఫిబ్రవరిలో ఐదు విడతల పోలింగు పూర్తయ్యాక 26, 27, 28 తేదీలలో బ్లాకు కేంద్రాలలో లెక్కించారు.

ఊరిలోనే లెక్కిస్తే ఫలితం త్వరగా తెలుస్తుంది, కాని వర్గ తగాదాలకు అవకాశం ఎక్కువ. తాలూకా కేంద్రంలో లెక్కిస్తే బందోబస్తు సులభం, కాని పెట్టెలు కొన్ని రోజులు భద్రపరచే గదిలో ఉంటాయి. కాబట్టి అక్కడ ముద్రల పరిశీలనకు ప్రాధాన్యం హెచ్చు.

కాగితపు ఓట్ల లెక్కింపు

తపాలా ఓట్లు ఉంటే సాధారణంగా వాటినే ముందుగా లెక్కిస్తారు. తరువాత పెట్టెలు తెరుస్తారు. తొలుత ఏ ఓటు ఎవరిదని చూడరు. పత్రాలను రకాల వారీగా వేరుచేసి, కట్టలు కట్టి, మొత్తం సంఖ్యను పోలింగు నాటి లెక్కతో సరిచూస్తారు. ఆ తరువాతనే అభ్యర్థుల వారీగా విడదీయడం మొదలవుతుంది.

పదవికొక రంగు పత్రం ఉండటానికి కారణం ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో సర్పంచికి గులాబీ రంగు, వార్డు సభ్యుడికి తెలుపు రంగు పత్రాలు వాడారు. తమిళనాడు పల్లెలలో ఓటరు ఒకేసారి నాలుగు ఓట్లు వేస్తాడు. 2019లో గ్రామ వార్డు సభ్యుడికి తెలుపు, పంచాయతీ అధ్యక్షుడికి గులాబీ, యూనియన్ సభ్యుడికి ఆకుపచ్చ, జిల్లా పంచాయతీ సభ్యుడికి పసుపు పత్రాలు ఇచ్చారు. నాలుగూ కలిసిపోయి ఉంటాయి గనుక, వేరుచేయడానికే గంటలు పడుతుంది. కృష్ణగిరి జిల్లా పల్లెలలో ఫలితాలు ఆలస్యమైతే అనుమానపడనక్కరలేదు, పని తీరే అటువంటిది.

కర్ణాటక గ్రామ పంచాయతీలలో మరొక విశేషం ఉన్నది. ఒకే వార్డు నుండి ఇద్దరు, ముగ్గురు, అంతకు మించి కూడా సభ్యులు ఎన్నిక కావచ్చు. ఎన్ని స్థానాలుంటే ఓటరుకు అన్ని ఓట్లుంటాయి. ఒకే పత్రం మీద ఉన్న రెండు మూడు గుర్తులను వేర్వేరు అభ్యర్థుల ఖాతాలలో వేయవలసి ఉంటుంది గనుక, పత్రాలను అభ్యర్థుల వారీగా కట్టలు కట్టడం కుదరదు. ఒక్కొక్క పత్రాన్ని చదివి గీతలు గీసుకుంటూ పోవాలి. 2020లో రాష్ట్రమంతటా పత్రాలతోనే పోలింగు జరుగగా, తెలంగాణను ఆనుకుని ఉన్న బీదరు జిల్లాలో మాత్రం యంత్రాలు వాడారు.

ఏ ఓటు చెల్లదు?

తగాదాలలో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. స్థూలంగా అన్ని రాష్ట్రాలలోను చెల్లని ఓట్లకు కారణాలు ఇవి:

1. ఏ గుర్తుకూ ముద్ర పడకపోవడం.
2. ఉన్న స్థానాల కంటే ఎక్కువమందికి ముద్ర వేయడం.
3. ముద్ర ఎవరికి పడిందో తేల్చలేని విధంగా రెండు గళ్ళ నడుమ పడటం.
4. పోలింగు కేంద్రంలో ఇచ్చిన ముద్ర కాక కలంతో గీత గీయడం లేదా వేలిముద్ర వేయడం.
5. ఓటరు ఎవరో గుర్తుపట్టే విధంగా పేరు, సంతకం, మరే రాత అయినా ఉండటం.
6. పత్రం వెనుక అధికారి సంతకం లేదా కేంద్రపు ముద్ర లేకపోవడం.
7. పత్రం నకిలీది కావడం, లేదా గుర్తించలేనంతగా చిరిగిపోవడం.

ముద్ర స్పష్టంగా ఒకరి గడిలోనే పడి, మడతలో సిరా ఎదుటి గడికి అంటుకున్నంత మాత్రాన ఓటు చెల్లకుండా పోదు. అసలు ముద్ర ఏది, అంటిన మరక ఏది అన్నది చూసి నిర్ణయించాలి. అధికారి సంతకం లేకపోవడం అధికారి పొరపాటే అయితే ఆ కారణంతో ఓటరుకు నష్టం కలగరాదన్నది కూడా అంగీకృత సూత్రమే. ఓటును తిరస్కరించే ముందు దానిని ఏజెంట్లకు చూపాలి. చేతిలోకి తీసుకునే హక్కు ఏజెంటుకు లేదు, చూసే హక్కు మాత్రం ఉన్నది.

ఓటరు రాకముందే అతని పేరు మీద మరొకరు ఓటు వేసిపోతే, గుర్తింపు రుజువు చేసుకున్న అసలు ఓటరుకు టెండరు ఓటు ఇస్తారు. ఆ పత్రాన్ని వేరే కవరులో ఉంచుతారు. మామూలు లెక్కింపులో అది కలవదు. న్యాయస్థానం ఆదేశిస్తేనే దానిని పరిగణిస్తారు.

చెల్లని ఓటు పేరిట తీర్పు తారుమారు కావడం ఎంత దూరం పోగలదో 2024లో చండీగఢ్ మేయరు ఎన్నికలో దేశమంతా చూసింది. జనవరి 30న జరిగిన ఆ ఎన్నికలో 36 ఓట్లు పోలయ్యాయి. ఒక కూటమి అభ్యర్థికి పడిన 20 ఓట్లలో ఎనిమిదింటిని ప్రిసైడింగ్ అధికారి చెల్లనివిగా ప్రకటించి, 16 ఓట్లు వచ్చిన అభ్యర్థిని విజేతగా నిలిపాడు. లెక్కింపు దృశ్యాలు కెమెరాలో నమోదై ఉన్నాయి. సుప్రీంకోర్టు బ్యాలెట్ పత్రాలను తెప్పించి స్వయంగా పరిశీలించి, ఆ ఎనిమిదీ చెల్లే ఓట్లేనని తేల్చింది. ఫిబ్రవరి 20న పాత ఫలితాన్ని రద్దుచేసి, 20 ఓట్లు వచ్చిన అభ్యర్థినే మేయరుగా ప్రకటించింది. పత్రాలు భద్రంగా ఉండటం వల్లనే, దృశ్యం నమోదై ఉండటం వల్లనే న్యాయం సాధ్యమైంది.

యంత్రాల లెక్కింపు

బళ్ళారి, హోసూరు, సోలాపురం, బరంపురం వంటి నగరాలలో ఓటింగు యంత్రాలే వాడుకలో ఉన్నాయి. ఇక్కడ లెక్కింపు వేగంగా సాగుతుంది. కంట్రోల్ యూనిట్ క్రమసంఖ్యను, ముద్రలను ముందు చూపుతారు. ఫలితపు మీట నొక్కగానే అభ్యర్థుల వారీగా ఓట్లు తెర మీద కనబడతాయి. మొత్తం ఓట్లు పోలింగు నాటి లెక్కతో సరిపోవాలి. శాసనసభ ఎన్నికలలో ఓటరుకు కనబడే చీటీ యంత్రం స్థానిక ఎన్నికలలో సాధారణంగా ఉండదు. కాబట్టి యంత్రపు క్రమసంఖ్య, మొత్తం ఓట్ల సంఖ్య, ముద్రల సంఖ్య అనే మూడింటిని ఏజెంటు రాసుకోవడం మరింత అవసరం.

తిరిగి లెక్కింపు, సమాన ఓట్లు

మొత్తాలు చదివి వినిపించిన తరువాత, ఫలితం ప్రకటించడానికి ముందు కొద్దిపాటి వ్యవధి ఉంటుంది. తిరిగి లెక్కించాలని కోరేవారు ఆ వ్యవధిలోనే కారణాలు చూపి రాతపూర్వకంగా అడగాలి. అధికారి అంగీకరించవచ్చు, కాదనవచ్చు. కాదంటే కారణం రాయాలి. ఫలితం ప్రకటించి పత్రం మీద సంతకం చేసిన తరువాత తిరిగి లెక్కించే అధికారం రిటర్నింగ్ అధికారికి ఉండదు. ఆ తరువాత న్యాయస్థానమే దిక్కు. ఓడిన బాధలో బయట కేకలు వేస్తూ ఈ కొద్ది నిమిషాలను పోగొట్టుకున్నవారు పల్లెలలో కోకొల్లలు.

ఇద్దరికి సమానంగా ఓట్లు వస్తే చీటీ తీస్తారు. చీటీ ఎవరి పేరున వస్తే వారికి ఒక ఓటు అదనంగా వచ్చినట్లు లెక్క. ఇది పల్లెల ముచ్చట మాత్రమే కాదు. 2017 ఫిబ్రవరిలో ముంబయి నగరపాలక సంస్థ 220వ వార్డులో ఇద్దరు అభ్యర్థులకు చెరి 5,946 ఓట్లు వచ్చాయి. అంతటి మహానగరంలోనూ ఆ స్థానాన్ని తేల్చినది చీటీయే. ఒక్క ఓటరు ఇంటి నుండి కదిలి ఉంటే ఆ అవసరమే కలిగేది కాదు.

గెలిచిన తరువాత

ఫలితం ప్రకటించి ధ్రువపత్రం ఇచ్చినంత మాత్రాన పాలకవర్గం ఏర్పడదు. పేర్లు అధికారికంగా ప్రచురించాలి, సభ్యులు ప్రమాణం చేయాలి, మొదటి సమావేశం జరగాలి. అధ్యక్షుడిని ఎవరు ఎన్నుకుంటారన్నది కూడా అన్నిచోట్ల ఒకటి కాదు.

ఆంధ్రప్రదేశ్‌లోను, ఒడిశాలోను సర్పంచిని ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు. ఉపసర్పంచిని వార్డు సభ్యులు ఎన్నుకుంటారు. తమిళనాడులో గ్రామ పంచాయతీ అధ్యక్షుడిది నేరుగా ఎన్నిక, యూనియన్, జిల్లా అధ్యక్షులది సభ్యుల ద్వారా ఎన్నిక. మహారాష్ట్రలో ఈ పద్ధతి పలుమార్లు మారింది. 2017లో సర్పంచికి నేరు ఎన్నిక తెచ్చారు, 2020లో తొలగించారు, 2022లో మరల తెచ్చారు. కర్ణాటకలో గ్రామ పంచాయతీ అధ్యక్ష, ఉపాధ్యక్షులను సభ్యులే ఎన్నుకుంటారు. ఆ పదవులకు రిజర్వేషనును వేరుగా ప్రకటిస్తారు. ఒడిశా పట్టణాలలో 2022 మార్చి 24న పోలింగు, 26న లెక్కింపు జరుగగా, మేయర్లను, చైర్‌పర్సన్లను తొలిసారిగా ఓటర్లు నేరుగా ఎన్నుకున్నారు.

సభ్యుల ద్వారా ఎన్నిక జరిగేచోట ప్రజాతీర్పుకు, దాని అమలుకు మధ్య ఎంత దూరం ఏర్పడగలదో బళ్ళారి చక్కని ఉదాహరణ. తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న ఆ నగరంలో 39 వార్డులకు 2021 ఏప్రిల్ 27న పోలింగు, 30న లెక్కింపు జరిగాయి. కాంగ్రెసుకు 21, భారతీయ జనతా పార్టీకి 13, స్వతంత్రులకు 5 స్థానాలు వచ్చాయి. మెజారిటీ స్పష్టంగానే ఉన్నది. అయినా మేయరు ఎన్నిక 2022 మార్చిలో గాని జరుగలేదు. దాదాపు పదకొండు నెలలు గెలిచిన సభ్యులు ఉండి కూడా పాలకవర్గం లేకుండా గడిచింది. అంతకు ముందు 2018 సెప్టెంబరు 3న ఫలితాలు వెలువడిన కర్ణాటక పట్టణాలలోనూ ఇదే జరిగింది. అధ్యక్ష పదవుల రిజర్వేషను వివాదం న్యాయస్థానానికి చేరడంతో, చాలా పట్టణాలకు 2020 చివరిలో గాని అధ్యక్షులు రాలేదు. అటువంటి కాలంలో మురుగు కాలువ గురించి, కుళాయి నీటి గురించి ప్రజలు విన్నవించుకోవలసింది నియమిత అధికారికే.

హోసూరులో ఇందుకు భిన్నంగా జరిగింది. 2019లో నగరపాలక సంస్థగా మారిన ఆ పట్టణంలో తొలి ఎన్నికకు 2022 ఫిబ్రవరి 19న పోలింగు, 22న లెక్కింపు, మార్చి 4న మేయరు ఎన్నిక జరిగాయి. పోలింగు నుండి మేయరు వరకు రెండు వారాలే పట్టింది. తేదీలను ముందే ఒకే ప్రకటనలో నిర్ణయిస్తే ఆలస్యానికి తావుండదని దీనివల్ల తెలుస్తుంది.

ఎన్నికే లేని చోట్లు

ఎన్నిక జరగడమే గగనమైన సందర్భాలు కూడా ఉన్నాయి. యానాం ఉన్న పుదుచ్చేరిలో 1968 తరువాత 38 ఏళ్ళకు, 2006లో స్థానిక ఎన్నికలు జరిగాయి. ఆ పాలకవర్గాల పదవీకాలం 2011లో ముగిసింది. 2021లో ఎన్నికలు ప్రకటించి నిలిపివేశారు. సోలాపురంలో 2017లో ఎన్నికైన పాలకవర్గం పదవీకాలం 2022 మార్చిలో ముగియగా, తదుపరి పోలింగు 2026 జనవరిలో జరిగింది. నడుమ దాదాపు నాలుగేళ్ళు పాలన ప్రభుత్వ అధికారి చేతిలో ఉన్నది. స్థానిక ఎన్నికలను వాయిదా వేయరాదని 2006లో అహమ్మదాబాదు కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పినప్పటికీ పరిస్థితి ఇది.

ఇక ఆంధ్ర, ఒడిశాల నడుమ వివాదంలో ఉన్న కొటియా గ్రామాలది వేరే కథ. అక్కడ 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు జరుపగా, ఒడిశా సుప్రీంకోర్టును ఆశ్రయించింది. లెక్కింపు కంటే ముందు, ఏ రాష్ట్రపు లెక్కలోకి వస్తామన్నదే అక్కడి ఓటరు ప్రశ్న.

కోర్టుకు గడువు

ఎన్నిక జరుగుతుండగా న్యాయస్థానాలు సాధారణంగా జోక్యం చేసుకోవు. ఫలితం వచ్చాక ఎన్నికల పిటిషను ద్వారానే సవాలు చేయాలని 243ఓ, 243జెడ్‌జీ అధికరణాలు చెబుతున్నాయి. గ్రామ పంచాయతీ విషయంలో కర్ణాటకలో ఫలితం ప్రకటించిన నాటి నుండి 30 రోజులలోపు సివిలు న్యాయస్థానంలోను, తమిళనాడులో ఫలితం ప్రచురించిన నాటి నుండి 45 రోజులలోపు జిల్లా న్యాయమూర్తి వద్దను పిటిషను వేయాలి. మహారాష్ట్రలో గడువు 15 రోజులే. అక్కడ పండుగ వెళ్ళాక చూద్దామనుకుంటే హక్కు చేజారిపోతుంది. గడువు దాటిన పిటిషనులో ఎంత బలమున్నా దానిని వినడం కష్టం.

లెక్కింపు కేంద్రంలో వినిపించే మాటలు

తెలుగు మాత్రమే చదువుకున్న ఏజెంటుకు ఈ మాటలు తెలిసి ఉంటే మేలు.

కన్నడంలో: లెక్కింపు అంటే మత ఎణికె, ఓటు పత్రం అంటే మతపత్ర, చెల్లని ఓటు అంటే తిరస్కృత మత, తిరిగి లెక్కింపు అంటే మరు ఎణికె, రిటర్నింగ్ అధికారి అంటే చునావణాధికారి.

తమిళంలో: లెక్కింపు అంటే వాక్కు ఎణ్ణిక్కై, ఓటు పత్రం అంటే వాక్కుచ్చీట్టు, చెల్లని ఓటు అంటే సెల్లాద వాక్కు, రిటర్నింగ్ అధికారి అంటే తేర్దల్ నడత్తుం అలువలర్.

మరాఠీలో: లెక్కింపు అంటే మతమోజణీ, ఓటు పత్రం అంటే మతపత్రికా, తిరిగి లెక్కింపు అంటే ఫేర్ మతమోజణీ, రిటర్నింగ్ అధికారి అంటే నివడణూక్ నిర్ణయ్ అధికారీ.

ఒడియాలో: లెక్కింపును భోట్ గణతి అని, మతగణనా అని అంటారు.

అర్థం కాని కాగితం మీద సంతకం చేయకపోవడం ఏజెంటుకు మొదటి నియమం. చదివి వినిపించమని అధికారిని అడగడంలో తప్పు లేదు.

ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య అని నాయకుల గురించి మన పెద్దలు సామెత చెబుతారు. ఓటరు విషయంలోనూ అటువంటి మరపు ఉన్నది. పోలింగు నాటి ఉత్సాహం లెక్కింపు నాటికి, లెక్కింపు నాటి ఉత్సాహం మొదటి సమావేశం నాటికి ఉండదు. పోలింగు లెక్క కాగితం, లెక్కింపు నాటి మొత్తాలు, ఫలితం ప్రకటించిన తేదీ, మొదటి సమావేశపు తేదీ అనే నాలుగింటిని ఊరిలో ఒక్కరైనా రాసి ఉంచుకుంటే, వేసిన ఓటు ఎక్కడ ఆగిపోయిందో అడగగలిగే స్థితిలో ఆ ఊరు ఉంటుంది.